గుంటగలగరాకు కాటుక

ఇలా నా పక్కలోకి జరుగు తల్లీ. దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఊఁ కొడతావు కదూ? నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేను కథ మానేస్తాను మరి.

అనగా అనగా ఒక వాగు. ఆ వాగు పక్కన ఒక ఊరు. ఊరి చివర ఒక పూలతోట. ఆ తోట వరాలమ్మది.

వరాలమ్మ తోటలో చేమంతులు, కనకాంబరాలు, మల్లెలు, మరువం, అన్నీ ఉండేవి. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా పూలు ఆ తోట నుంచే వెళ్ళాలి. అయితే ఆ తోటలో ఒక వింత ఉండేది. ఎంత వెతికినా ఒక్క కలుపు మొక్క కనిపించేది కాదు. గరిక పోచ ఒకటి తల ఎత్తిందంటే చాలు, పొద్దు వాలేలోగా వరాలమ్మ బొరిగె పట్టుకొచ్చి దాన్ని వేళ్ళతో సహా తవ్వి దడి అవతల పారేసేది.

వినాయకచవితికి ఊరంతా పత్రి కోసం తిరుగుతుంది కదా. గరిక ఎక్కడుంది, ఉత్తరేణి ఎక్కడుంది అని పిల్లలు గట్లన్నీ గాలిస్తారు. వరాలమ్మ మాత్రం బుట్టెడు చేమంతులు పోసి దణ్ణం పెట్టేసుకునేది.

పక్కింట్లో సన్యాసమ్మవ్వ అని ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ అడిగేది, "గరిక లేకుండా వినాయకుడు ఎలా ఊరుకుంటాడే?" అని.

"నా పూలు ఆయనకి చాలు పెద్దమ్మా" అనేది వరాలమ్మ. అంతే. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

అలాంటి ఇంటికి ఒక రోజు ఒక పిల్ల వచ్చింది. పేరు పైడమ్మ. నీకంటే కాస్త పెద్దది. వరాలమ్మకి సొంత తమ్ముడి కూతురు. ఆ పిల్లకి అమ్మ ఊహ తెలియకముందే పోయింది. ఆ ఏడు నాన్న కూడా పోయాడు. ఇరుగుపొరుగు వాళ్ళు నాలుగు బట్టలు మూటగట్టి, బండి ఎక్కించి, "ఇక నీకు మేనత్తే దిక్కు తల్లీ" అని పంపించారు.

వరాలమ్మ వాకిట్లో నిలబడి మూట అందుకుంది. కాళ్ళకి నీళ్ళిచ్చింది. వేడి వేడిగా అన్నం పెట్టింది. తలకి నూనె రాసి జడ వేసింది. అన్నీ చేసింది. కానీ పిల్ల మొహంకేసి మాత్రం చూడలేదు. వడ్డించేటప్పుడు కంచంకేసి చూసేది. జడ వేసేటప్పుడు జుట్టుకేసి చూసేది. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకేసి చూసి చెప్పేది.

పైడమ్మ ఏమనుకుందంటే, నేనేదో తప్పు చేశాను అనుకుంది. పిల్లలు అంతే. పెద్దవాళ్ళ మొహం ముడుచుకుంటే అది తమ వల్లే అనుకుంటారు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పైడమ్మ బిందె దించుతుంటే దడి దగ్గర మాటలు వినిపించాయి.

"చవితి వెళ్ళిపోయాక పిల్లని వాళ్ళ పిన్ని ఇంట్లో దిగబెట్టి వస్తాను పెద్దమ్మా" అంటోంది వరాలమ్మ. "అక్కడ పిల్లలున్నారు, ఆడుకుంటుంది. నావల్ల కావడం లేదు."

"ఏం చేసిందే నిన్ను ఆ పిల్ల?"

"ఏమీ చెయ్యలేదు. చెప్పిన పని చేస్తుంది, పెట్టింది తింటుంది. నావల్లే కావడం లేదు."

పైడమ్మ బిందె పక్కనే కూలబడింది. ఏడుపు రాలేదు. పిన్ని మంచిదే. కానీ ఎప్పుడో ఒకసారి చూసిన మనిషి. ఈ ఇల్లయితే నాన్న పుట్టి పెరిగిన ఇల్లు, ఆయన చిన్నప్పుడు ఊగిన ఊయల ఇనప కొక్కేలు దూలానికి ఇంకా ఉన్నాయి. రోజూ పడుకునేటప్పుడు వాటికేసి చూస్తే ఆ పిల్లకి ధైర్యంగా ఉండేది.

అప్పుడు పైడమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. అత్తకి ఏది ఇష్టమో అది చేస్తే పంపించదు కదా అనుకుంది. అత్తకి ఇష్టమైన పని ఏమిటి? కలుపు పీకడం.

మర్నాడు తెల్లవారుతూనే బొరిగె పట్టుకుని తోటలోకి వెళ్ళింది. చేమంతి మడి గట్టు మీద, అత్త కంటికి ఎలా తప్పించుకుందో గానీ, ఒక చిన్న మొక్క కనపడింది. నేల మీద పాకుతూ, పొడుగాటి కాడ చివర బొత్తాం అంత పసుప్పచ్చ పువ్వు పెట్టుకుని నిలబడింది. గడ్డిచేమంతి. పైడమ్మ దాని మొదలు పట్టుకుంది.

అప్పుడు ఆ మొక్క మాట్లాడింది.

మొక్కలు మాట్లాడతాయా అని అడక్కు. ఆ రోజుల్లో మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనమే బిందెల చప్పుడులో వినిపించుకోం.

"పీకుతావా? పీకు" అంది గడ్డిచేమంతి. "పీకొద్దని నేను అనను. నన్ను ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. వచ్చాను, పొమ్మంటే పోతాను. కానీ పారెయ్యకు. పీకితే నేను చావను. పారేస్తేనే చస్తాను."

పైడమ్మకి ఆ మాట ఎక్కడో తగిలింది. దాన్ని మట్టితో సహా పెళ్ళగించి, పగిలిన కుండ ముక్కలో పెట్టి, ఎవరికీ కనపడకుండా గడ్డివాము వెనకాల దాచింది.

ఆ తర్వాత దడి మూల ఇంకోటి కనపడింది. నిటారుగా పెరిగి, పొడుగాటి వెన్ను నిండా తలకిందులుగా గింజలు. ఉత్తరేణి. ముట్టుకోగానే గింజలు చేతికి అంటుకున్నాయి.

"నాకొచ్చింది ఒకటే విద్య" అంది ఉత్తరేణి. దాని గొంతు కొంచెం మొండిగా ఉంది. "అంటుకోవడం. ఎవరు విదిలించినా ఊడను. నన్నూ పారెయ్యకు, నీకు అక్కరకొస్తాను."

దాన్ని కూడా వాము వెనక్కి చేర్చింది.

ఆ తర్వాత నూతి దగ్గర, వాడిన నీళ్ళు పోయే కాలవ పక్కన, మూడోది కనపడింది. చిన్న తెల్లటి గుండీల్లాంటి పూలు. గుంటగలగరాకు. అమ్మమ్మ తలనూనెలో కాచి పోస్తుందే, ఆ ఆకు. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పైడమ్మ మొదలు కదిలించాక, "నెమ్మదిగా" అంది. అంతే.

అలా మూడు మొక్కలు మూడు పెంకుల్లో వాము వెనకాల చేరాయి. పైడమ్మ పొద్దున్నే వెళ్ళి పుక్కిట నీళ్ళు పట్టుకొచ్చి వాటి మీద చిలకరించి వచ్చేది.

ఇంతలో ఒక రోజు ఏమయిందంటే, మరువం కోస్తుంటే కొడవలి జారి వరాలమ్మ అరచెయ్యి తెగింది. బాగా లోతుగా తెగింది. కొంగు చుట్టింది, కొంగు తడిసిపోయింది. పసుపు అద్దింది, పసుపు కొట్టుకుపోయింది. వరాలమ్మ మొహం పాలిపోయి గట్టు మీద కూర్చుండిపోయింది.

పైడమ్మ వాము వెనక్కి పరిగెత్తింది. "నా ఆకులు నలుపు. రసం గాయం మీద పిండు. పిప్పి పైన పెట్టి గట్టిగా అదిమి పట్టు" అంది గడ్డిచేమంతి, ఆ పిల్ల నోరు తెరవకముందే.

పైడమ్మ అలాగే చేసింది. రెండు చేతులతో అత్త చెయ్యి పట్టుకుని అదిమి కూర్చుంది. కాసేపటికి నెత్తురు నిలిచింది. ఆ తర్వాత ఆ ఆకు మహిమ ఏమిటో గానీ, పిప్పి తీసి చూస్తే గాయం నోరు మూసుకుని ఉంది. ఎర్రటి గీత ఒకటి మిగిలింది.

వరాలమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కింద పడ్డ పిప్పిలో ఒక పసుప్పచ్చ పువ్వు కనపడింది. దాన్ని రెండు వేళ్ళతో తీసింది.

"ఎక్కడిది ఇది?"

పైడమ్మ అబద్ధం చెప్పలేదు. "నేనే పీకి దాచానత్తా."

వరాలమ్మ ఆ పువ్వు పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

పైడమ్మకి ఏమీ అర్థం కాలేదు. నెత్తురు ఆగితే సంతోషించాలి కదా. దడి దాటి సన్యాసమ్మవ్వ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపి, పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మీ అత్తకి ఒక కూతురు ఉండేది అమ్మా. పార్వతాలు. నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు సంగతి" అంది. "ఆ పిల్లకి బొమ్మలక్కర్లేదు, గవ్వలక్కర్లేదు. ఎప్పుడు చూసినా కలుపు మొక్కల మధ్యనే. గడ్డిచేమంతి పువ్వులు చెవులకి పెట్టుకుని కమ్మలనేది. ఉత్తరేణి గింజలు దూసి మా చీరల మీద విసిరి పారిపోయేది. కొబ్బరి చిప్పల్లో తుమ్మికూర వండి, ఆకులో వడ్డించి, తిను అవ్వా తిను అని నా ప్రాణం తీసేది. ఎవరికి దురదొచ్చినా కుప్పింటాకు తెచ్చిచ్చేది. గ్రహణం పట్టిన రోజున ఆవకాయ జాడీల మీద గరిక వెయ్యడానికి ఇల్లిల్లూ తిరిగేది. తర్వాత ఒక వానాకాలం జ్వరమొచ్చింది. ఎంతమంది ఎన్ని మందులు వేసినా తగ్గలేదు."

అవ్వ చేటలో బియ్యం ఇటు జరిపి అటు జరిపింది.

"ఆ పిల్ల పోయిన దగ్గర్నుంచి మీ అత్త పెరట్లో ఒక్క కలుపు మొక్కని ఉండనివ్వదు. చూస్తే తట్టుకోలేదు. కోపం కాదమ్మా అది."

పైడమ్మ ఇంటికి వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. లోపల అత్త పడుకుని ఉంది. పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలో తెలియక అలాగే కూర్చుంది.

ఇక చవితి వచ్చింది, వెళ్ళింది. ఒక రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక వరాలమ్మ పైడమ్మ మూట కట్టింది. కొత్త పరికిణీ ఒకటి కుట్టించి ఉంచింది, అదీ మూటలో పెట్టింది. "వాగు దాటి మీ పిన్ని ఇంటికి వెళ్దాం" అంది గోడకేసి చూసి.

పైడమ్మ ఎందుకని అడగలేదు. ఒక్కసారి వాము వెనక్కి వెళ్ళి వస్తానంది. మూడు మొక్కలకీ నీళ్ళు పోసింది. "నేను వెళ్ళిపోతున్నాను" అంది.

గడ్డిచేమంతి తల వాల్చేసింది. గుంటగలగరాకు ఏమీ అనలేదు. ఉత్తరేణి మాత్రం అంది, "మీ అత్తని ఈ పక్కనుంచి నడవమను."

వరాలమ్మ పిల్ల కోసం చూసి చూసి తనే వాము వెనక్కి వచ్చింది. పెంకుల్లో మొక్కల్ని చూసింది. ఒక్క క్షణం నిలబడింది. పైడమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. తిరుగుతుంటే చీర కుచ్చెళ్ళు ఉత్తరేణికి రాసుకున్నాయి.

ఇద్దరూ పొలం గట్ల వెంట నడుస్తున్నారు. కొంత దూరం వెళ్ళాక వరాలమ్మకి కాళ్ళు బరువెక్కినట్టు అనిపించింది. వంగి చూస్తే కుచ్చెళ్ళ అంచున ఉత్తరేణి గింజలు. దులిపింది, ఊడలేదు. సరే అని నడిచింది. ఇంకొంత దూరం వెళ్ళేసరికి గింజలు రెట్టింపయ్యాయి. చీర వెనక్కి లాగుతోంది, చిన్నపిల్ల ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు. ఇంకొంత దూరం వెళ్ళేసరికి ఇక అడుగు పడలేదు.

అప్పుడు వరాలమ్మ అక్కడే ఒక కావలి పాకలో కూర్చుని గింజలు పీకడం మొదలుపెట్టింది. ఒకటి పీకితే అదే చోట ఇంకోటి ఉంది. వేళ్ళు గీసుకుపోయాయి గానీ చీర తేలికపడలేదు.

"నేను తీస్తానత్తా" అని పైడమ్మ కింద కూర్చుంది. ఆ పిల్ల చెయ్యి వేస్తే గింజలు మెత్తగా ఊడి వస్తున్నాయి. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది.

అలా తీస్తుండగానే కొండ మీద మబ్బు కమ్మింది. చూస్తుండగా వాన. ఎలాంటి వాన అనుకున్నావు, పక్క మనిషి కనపడని వాన. పాక చూరు నుంచి నీళ్ళు తాళ్ళలా దిగుతున్నాయి. ఇంతలో వాగు వైపునుంచి పెద్ద హోరు వినిపించింది. ఇద్దరూ లేచి చూశారు. మామూలుగా మోకాలి లోతు పారే వాగు గట్లు తెగి పొంగుతోంది. ఎర్రటి నీళ్ళలో ఒక చెట్టు వేళ్ళతో సహా కొట్టుకుపోతోంది. ఇంకాస్త ముందు బయల్దేరి ఉంటే, ఇంకాస్త వేగంగా నడిచి ఉంటే, వాళ్ళిద్దరూ ఆ సమయానికి వాగు నడుమ ఉండేవాళ్ళు.

వరాలమ్మ పిల్లని దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది. కప్పింది గానీ కళ్ళు మాత్రం వానకేసే ఉన్నాయి.

ఆ కొంగు కింద నుంచి పైడమ్మ అడిగింది. ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకున్న మాట. "నేనంటే నీకు ఇష్టం లేదా అత్తా? నాకేసి ఎందుకు చూడవు?"

వరాలమ్మ వాన కొంచెం నెమ్మదించాక మాట్లాడింది.

"నాకొక కూతురుండేది."

"అవ్వ చెప్పింది."

"దాని మొహం నాకు గుర్తుకు రావడం లేదమ్మా. నవ్వు వినపడుతుంది. కాళ్ళ చప్పుడు వినపడుతుంది. మొహం మాత్రం రాదు. రోజూ పడుకునే ముందు కళ్ళు మూసుకుని వెతుకుతాను. ఒక రోజు నుదురు దొరుకుతుంది, ఒక రోజు గడ్డం దొరుకుతుంది. నువ్వు వచ్చావు. ఆ వయసు పిల్లవి. నీ మొహం బాగా చూశానంటే, ఆ మిగిలిన కాస్తా చెరిగిపోయి దాని చోట నీ మొహం వచ్చేస్తుందని భయం. ఇష్టం లేక కాదు."

ఇంత మాట వరాలమ్మ ఎవరితోనూ అనలేదు. సన్యాసమ్మవ్వతో కూడా అనలేదు.

వాన వెలిశాక ఇద్దరూ వెనక్కి ఇంటికే నడిచారు. వాగు తగ్గేదాకా పిన్ని ఇంటికి వెళ్ళడానికి లేదు.

మర్నాడు పైడమ్మ వాము వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఈసారి గడ్డిచేమంతి మాట్లాడలేదు, ఉత్తరేణి మాట్లాడలేదు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని గుంటగలగరాకు మాట్లాడింది.

"నా ఆకు నలిపితే రసం ముందు పచ్చగా ఉంటుంది, కాసేపటికి నల్లబడుతుంది. చూశావా ఎప్పుడైనా? ఆ రసంలో తెల్లగుడ్డ తడుపు. నీడన ఆరబెట్టు. అలా మూడుసార్లు తడిపి, మూడుసార్లు ఆరబెట్టు. ఆ గుడ్డతో వత్తి చేసి, ఆముదం పోసి వెలిగించి, పైన రాగి పళ్ళెం బోర్లించు. పళ్ళేనికి పట్టిన మసిని నేతితో రంగరించు. అది కాటుక. ఆ కాటుక మీ అత్త బొటనవేలి గోటికి రాసి, అందులోకి చూడమను. పోగొట్టుకున్నది కనపడుతుంది."

పూర్వం అలాగే చూసేవాళ్ళు తల్లీ. అంజనం వెయ్యడం అంటారు. గేదె తప్పిపోయినా, నగ కనపడకపోయినా గోటికి కాటుక రాసి చూసేవాళ్ళు.

పైడమ్మ లేవబోయింది.

"ఆగు" అంది గుంటగలగరాకు. "ఒక్కసారే కనపడుతుంది. ఆ తర్వాత అది మామూలు కాటుకే. ఇంకో సంగతి. కూతురి మొహం దొరికాక మీ అత్త దాన్నే తల్చుకుంటూ ఉండిపోవచ్చు. నీకేసి ఎప్పటికీ తిరగకపోవచ్చు. ఆలోచించుకుని చెయ్యి."

పైడమ్మ అక్కడే కూర్చుండిపోయింది. వాగు ఇంకా తగ్గలేదు. నిన్న పాకలో అత్త కొంగు కప్పింది. ఇలాగే ఊరుకుంటే, నెమ్మదిగా, ఇంకొన్నాళ్ళకి, అత్త తనకేసి చూస్తుందేమో. ఆ పిల్ల మొహం పూర్తిగా చెరిగిపోయాక చూస్తుందేమో.

ఆ ఆలోచన రాగానే పైడమ్మకి తన మీద తనకే ఎలాగో అనిపించింది. తనకి కూడా అమ్మ మొహం తెలియదు కదా. వెతికితే నుదురు కూడా దొరకదు. దొరక్కపోతే ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలుసు.

లేచి ఆకులు కోసింది.

గుడ్డ తడిపింది, ఆరబెట్టింది. మళ్ళీ తడిపింది, మళ్ళీ ఆరబెట్టింది. మూడోసారి ఆరేసరికి ఆ గుడ్డ కాకి రెక్కలా నిగనిగలాడింది. దీపం దగ్గర పిల్లలు ఒంటరిగా కూర్చోకూడదు కదా, అందుకని సన్యాసమ్మవ్వ ఇంటికి తీసుకెళ్ళింది. అవ్వ పళ్ళెం బోర్లించింది, వత్తి ఎగదోసింది. మసి గీసి వెన్న కాచిన నేతితో రంగరించి, చిన్న బరిణెలో పెట్టి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. అవ్వకి కొన్ని సంగతులు అడక్కుండానే తెలుస్తాయి.

వరాలమ్మ వసారాలో కూర్చుని కనకాంబరాల మాల కడుతోంది. పైడమ్మ పక్కన కూర్చుని అత్త చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి గోటికి కాటుక రాసింది.

"ఇదేమిటే?"

"చూడత్తా."

వరాలమ్మ చూసింది. పైడమ్మ కూడా తొంగి చూసింది. ఆ పిల్లకి నల్లటి గోరు తప్ప ఏమీ కనిపించలేదు. కానీ అత్త చేతిలో మాల జారిపోయింది.

"పెరడు" అంది వరాలమ్మ. "మా పెరడే. నిండా గడ్డి మొలిచి ఉంది."

"ఇంకా?"

"ఎవరో కూర్చున్నారు. వీపు కనపడుతోంది." అంటూ ఆవిడ గొంతు తగ్గించి పిలిచింది, "పార్వతాలూ." ఎన్ని ఏళ్ళయిందో ఆ పేరు ఆ ఇంట్లో పలికి.

పైడమ్మ గోటికేసి ఇంకా దగ్గరగా వంగింది.

"తిరిగింది" అంది వరాలమ్మ. "ముందు పన్ను ఊడింది దానికి. అవును, అప్పుడే ఊడింది. కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ. అయ్యో, పుట్టుమచ్చ కూడా మర్చిపోయాను నేను. చెవులకి ఆ పువ్వులు పెట్టుకుంది. కొబ్బరి చిప్పలో ఏదో కలుపుతోంది."

"నీతో ఏమైనా అంటోందా అత్తా?"

"ఏమీ అనడం లేదు. ఆటలో ఉంది. దానికి ఆటలో ఉంటే నేను కనపడను." అంటూ వరాలమ్మ నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆగింది. "నీకేసి చూస్తోంది."

"నాకేసా?"

"నీకేసే. నా భుజం పక్కనుంచి నిన్నే చూస్తోంది. చిప్పలు అటు పెట్టింది. పక్కకి జరుగుతోంది." వరాలమ్మ గోటిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "నీకు చోటిచ్చిందమ్మా. కూర్చోమని నేల మీద చేత్తో తట్టి చూపిస్తోంది."

అంతే. అంజనం చెదిరిపోయింది. గోటి మీద ఉత్త కాటుక మిగిలింది.

కాకి ఒకటి వచ్చి దడి మీద వాలింది, లేచిపోయింది.

అప్పుడు వరాలమ్మ పైడమ్మ గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. చూసింది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, చెంపలు చూసింది. తొందరేమీ లేనట్టు తీరిగ్గా చూసింది. ఒకసారి కళ్ళు మూసుకుంది, వెతికింది. పార్వతాలు మొహం అక్కడే ఉంది, పుట్టుమచ్చతో సహా. ఎక్కడికీ పోలేదు. మళ్ళీ కళ్ళు తెరిచింది.

"నీకు మా నాన్న ముక్కు వచ్చింది" అంది.

ఇక అప్పుడు పైడమ్మకి ఏడుపొచ్చింది. బిందె దగ్గర రాని ఏడుపు, మూట కట్టినప్పుడు రాని ఏడుపు, అన్నీ కలిపి ఒకేసారి వచ్చాయి. అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అత్త వీపు నిమురుతూనే ఉంది.

మర్నాడు వరాలమ్మ వాము వెనక్కి వెళ్ళి ఆ మూడు పెంకుల్నీ తెచ్చింది. మల్లె పందిరి పక్కన కాస్త చోటు తవ్వి, మొక్కల్ని తన చేతులతోనే దింపింది. కలుపుని నాటిన మనిషిని ఆ ఊళ్ళో అదే మొదటిసారి చూడడం. సన్యాసమ్మవ్వ దడి మీంచి చూసి, తన పెరట్లోంచి ఒక తుమ్మి మొక్క, పిడికెడు గరిక తెచ్చి ఇచ్చింది.

నాలుగు రోజులకి వాగు తగ్గింది. తగ్గిన రోజునే పైడమ్మ పిన్ని మొగుడు గౌరినాయుడు బండి కట్టుకుని వచ్చాడు. మంచివాడే. "వస్తామని కబురు పెట్టి రాలేదు, వానలో ఏమయ్యారో అని భయపడ్డాం అక్కా" అన్నాడు. "పిల్లని నేనే తీసుకెళ్దామని వచ్చాను. మా ఆవిడ పక్క కూడా వేసి ఉంచింది."

పైడమ్మ తలుపు వెనకాల నిలబడి వింటోంది. నిన్నా మొన్నా ఎంత బాగున్నా, మాట మాటే కదా. అత్త మాటిచ్చింది కదా.

వరాలమ్మ పీట వేసింది. ఆకు వేసింది. అన్నం, తుమ్మికూర పప్పు వడ్డించింది.

"తిను తమ్ముడూ" అంది. "ఎండన పడి వచ్చావు. మా మరదలికి నేను చెప్పానని చెప్పు, పండక్కి పిల్లల్ని తీసుకుని రమ్మను. నాలుగు రోజులుండి వెళ్ళమను. పైడి ఎక్కడికీ రాదు. దాని ఇల్లు ఇదే."

గౌరినాయుడు తలుపు వెనకాల పరికిణీ అంచు చూశాడు. వరాలమ్మ మొహం చూశాడు. తెలివైనవాడు, ఇంకేమీ అడగలేదు. "ఈ కూరేమిటక్కా, ఇంత బాగుంది? మారు వడ్డించు" అన్నాడు.

సాయంత్రం బండి బయల్దేరింది. పైడమ్మ సంతోషం పట్టలేక బండి వెంట పరిగెత్తింది. ఊరి చివరిదాకా పరిగెత్తింది, అక్కణ్ణుంచి వాగుదాకా పరిగెత్తింది. బండి దాటి అవతల గట్టెక్కేదాకా చెయ్యి ఊపింది. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మోకాళ్ళదాకా బురద. కొత్త పరికిణీ అంచు చిరిగింది.

వరాలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎక్కడికి పోయావే ఇంతసేపూ?" అంది. "వాగు దగ్గరికి ఒక్కదానివీ వెళ్తావా? బుద్ధుందా నీకు? ఆ బురదేమిటి, ఆ చింపుడేమిటి, నిన్న కుట్టించినట్టుంది పరికిణీ. అన్నం చల్లారిపోతోంది. కాళ్ళు కడుక్కుని లోపలికి తగలడు."

ఆ ఇంటికి వచ్చాక పైడమ్మ తిన్న మొదటి తిట్టు అదే తల్లీ. చుట్టాన్ని ఎవరూ తిట్టరు. ఇంటి పిల్లనే తిడతారు. ఆ సంగతి పైడమ్మకి తెలుసు. అందుకే నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, బురద పోయినా కూడా ఇంకా కడుక్కుంటూ, తనలో తను నవ్వుకుంటూ అక్కడే నిలబడింది, లోపల్నుంచి అత్త ఇంకొకసారి కేకేసేదాకా.

ఊఁ అంటున్నావా, లేదా? సరే, పడుకో.

గట్టు మీద గరికమ్మ కునుకు తీసింది,
పెరట్లో తుమ్మిపువ్వు తల వాల్చింది,
కంచి దారి పట్టుకుని కథ నడిచింది,
మన ఇంటి దారి పట్టుకుని నిద్ర వచ్చింది.